వర్ణక్రమం చాటున ధ్వని: ఐస్లాండిక్, ఫారోయీస్ భాషల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉత్తర అట్లాంటిక్ ద్వీపాలలో వ్యవహరింపబడుతున్న ఐస్లాండిక్, ఫారోయీస్ భాషలు రెండూ ప్రాచీన నోర్స్ భాష నుండి ఏర్పడినవి. లిఖిత రూపంలో ఇవి ఒకదానికొకటి ఎంత దగ్గరగా కనిపిస్తాయో, వాగ్రూపంలో అంత దూరంగా వినిపిస్తాయి. ఐస్లాండిక్ ప్రాచీనతను కాపాడుకున్నదనీ, ఫారోయీస్ దానినుండి జారిపోయిందనీ ఒక అభిప్రాయం ప్రచారంలో ఉంది. ఈ అభిప్రాయం వర్ణక్రమాన్ని చూసి ఏర్పడినదే తప్ప ధ్వనిని పరిశీలించి ఏర్పడినది కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాత్రా వ్యవస్థ, అచ్చులు, హల్లులు, మాండలిక భేదాలు, వర్ణక్రమ చరిత్ర అనే అంశాల ఆధారంగా రెండు భాషల ధ్వని వ్యవస్థలను పోల్చి, ఆ అభిప్రాయంలోని బలాబలాలను నిర్ణయించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: ఐస్లాండిక్, ఫారోయీస్, ప్రాచీన నోర్స్, మాత్రా పరివర్తనం, పూర్వప్రాణత, తాలవ్యీకరణ, వర్ణక్రమం.

1. ఉపోద్ఘాతం

‘పగలు’ అనే అర్థమిచ్చే మాటను ఐస్లాండిక్, ఫారోయీస్ భాషలు రెండూ ఒకే ఐదు అక్షరాలతో రాస్తాయి. ఐస్లాండ్‌వాసి దానిని ‘దాఘుర్’ అని, ఫారో ద్వీపవాసి ‘దెఆవుర్’ అని పలుకుతారు. ‘మనిషి’ అనే అర్థమిచ్చే మాట కూడా రెండు భాషలలో ఒకే ఐదు అక్షరాలదే. అది ఐస్లాండ్‌లో ‘మాదుర్’, ఫారోలో ‘మెఆవుర్’. ఐస్లాండిక్‌లో ఈ రెండు మాటల నడిమి హల్లులు వేరు. ఫారోయీస్‌లో ఆ భేదం పూర్తిగా అంతరించి, చెవి ప్రమాణంగా చూస్తే రెండింటికీ అంత్యప్రాస కుదురుతుంది. కన్నుకు మాత్రం ఈ సంగతి తెలియదు.

భాషాశాస్త్ర పాఠ్యాంశాలలో జర్మానిక్ భాషల ప్రస్తావన వచ్చినప్పుడు ఐస్లాండిక్‌ను ‘మార్పు లేని భాష’కు ఉదాహరణగా చూపడం పరిపాటి. పన్నెండు, పదమూడు శతాబ్దాల సాగాలను నేటి ఐస్లాండ్ విద్యార్థి పెద్దగా కష్టపడకుండా చదవగలగడం దీనికి ఆధారం. ఈ ఆధారం నిజమే. అయితే ‘చదవగలగడం’ అనే క్రియ లిపికి, రూపనిర్మాణానికి సంబంధించినది. ధ్వనికి సంబంధించిన తీర్పును దానినుండి రాబట్టడం హేతుబద్ధం కాదు. ఆ తీర్పు వెంటనే మరొక తీర్పు వస్తుంది: ఫారోయీస్ చెడిపోయిన ఐస్లాండిక్ అని. సుమారు 55 వేల జనాభా గల పద్దెనిమిది ద్వీపాల భాష విషయంలో ఇటువంటి మాట కేవలం శాస్త్ర దోషంగా మిగలదు. ఆ భాష గౌరవాన్ని కూడా తగ్గిస్తుంది.

ఈ వ్యాసంలో ఉచ్చారణలను తెలుగు లిపిలో స్థూలంగా సూచించడం జరిగింది. రెండు భాషలలోనూ బ, ద, గ అని రాసినవి నిజానికి నాదం లేని అల్పప్రాణాలు. ప, త, క అని రాసినవి పదాదిన మహాప్రాణాలు. అంటే వాటి మధ్య భేదం నాదానిది కాదు, ప్రాణానిది. తెలుగు లిపిలో ఈ రెండు భేదాలకూ వేర్వేరు అక్షరాలున్నాయి కనుక ఈ విషయం తెలుగు పాఠకులకు సులభంగా గ్రాహ్యమవుతుంది. ‘దాఘుర్’ లోని ‘ఘ’ స్పర్శం కాదు, కంఠ్య ఊష్మం. ‘మాదుర్’ లోని ‘ద’ కూడా స్పర్శం కాదు, నాదయుక్తమైన దంత్య ఊష్మం.

2. చారిత్రక నేపథ్యం

తొమ్మిదవ శతాబ్దంలో ప్రధానంగా పశ్చిమ నార్వే తీరం నుండి వచ్చినవారు ఫారో దీవులలో స్థిరపడ్డారు. ఐస్లాండ్‌లో వలస 870 ప్రాంతంలో మొదలై 930 నాటికి దాదాపు పూర్తయింది. రెండు చోట్లా మొదట వినిపించినది దాదాపు ఒకే భాష. ఆ తరువాత వాటి లిఖిత చరిత్రలు వేర్వేరు దారులు పట్టాయి.

ఐస్లాండ్‌లో లిఖిత సంప్రదాయం తెగలేదు. పన్నెండవ శతాబ్ది మధ్యకాలంలో పేరు తెలియని ఒక ఐస్లాండ్ పండితుడు రచించిన ‘మొదటి వ్యాకరణ గ్రంథం’ లాటిన్ లిపిని స్వభాషా ధ్వనులకు అనువుగా మార్చే ప్రయత్నం చేసింది. ఒక్క ధ్వని మాత్రమే భేదించే పదాల జంటలను చూపి, ఏ భేదం అర్థభేదకమో నిరూపించడం ఆ గ్రంథం పద్ధతి. ఆధునిక వర్ణనిర్ణయ పద్ధతికి ఇది ఎంత సన్నిహితమో వేరుగా చెప్పనక్కరలేదు. ఓడ్దుర్ గోట్స్‌కాల్క్‌సోన్ అనువదించిన కొత్త నిబంధన 1540లోను, గుడ్‌బ్రాండుర్ బిషప్ ప్రచురించిన సంపూర్ణ బైబిలు 1584లోను ముద్రణ పొందాయి. మతసంస్కరణ తరువాత కూడా ఐస్లాండ్ ఆలయాలలో స్వభాషే నిలిచింది.

ఫారో దీవులలో జరిగినది ఇందుకు విరుద్ధం. మతసంస్కరణ తరువాత ఆలయంలోను, న్యాయస్థానంలోను డేనిష్ భాష స్థిరపడింది. ఫారోయీస్ ఇంటిలోను, పడవలపైన, గొలుసు నృత్యానికి పాడే గాథలలోను మాత్రమే మిగిలింది. యెన్స్ క్రిస్టియన్ స్వాబో పద్దెనిమిదవ శతాబ్ది చివరి దశకాలలో గాథలను, నిఘంటు సామగ్రిని సేకరించినప్పుడు తన చెవికి వినిపించినట్లుగా రాసుకొన్నాడు. అనుసరించడానికి అతని ముందు స్థిరమైన వర్ణక్రమం లేదు. 1846లో వి. యు. హమ్మెర్‌షైంబ్ ప్రతిపాదించిన వర్ణక్రమం పదచరిత్రను ఆధారంగా తీసుకొంది. నేటి ఫారోయీస్ రచన దానిపైనే నిలిచి ఉంది. విక్టర్ డానియెల్సెన్ అనువదించిన సంపూర్ణ బైబిలు 1949లో గాని వెలువడలేదు. అంటే ముద్రిత బైబిలు విషయంలో రెండు భాషల నడుమ మూడున్నర శతాబ్దాలకు పైబడిన ఎడం ఉంది.

3. మాత్రా వ్యవస్థ: ఇద్దరూ కలిసి వదులుకొన్న ప్రాచీనత

ప్రాచీన నోర్స్‌లో అచ్చు హ్రస్వమా దీర్ఘమా అన్నది అర్థభేదకం. తెలుగులో ‘పడు’, ‘పాడు’ వలె అక్కడ అచ్చు నిడివి ఒక్కటే మాటలను వేరుచేసేది. ‘మొదటి వ్యాకరణ గ్రంథం’ తొమ్మిది అచ్చు గుణాలను గుర్తించి, ప్రతిదానికీ హ్రస్వ దీర్ఘాలను, అనునాసిక నిరనునాసిక భేదాలను చూపి ముప్పై ఆరు భేదాలను లెక్కించింది. నేటి ఐస్లాండిక్‌లో ఆ అనునాసిక భేదం లేదు. అర్థభేదకమైన నిడివీ లేదు.

నేడు రెండు భాషలలోనూ ఊనిక పదంలోని తొలి అక్షరంపై ఉంటుంది. ఊనిక గల అక్షరంలో అచ్చు నిడివిని దాని తరువాతి హల్లులు నిర్ణయిస్తాయి. తరువాత హల్లు లేకున్నా, ఒకే హల్లు ఉన్నా అచ్చు దీర్ఘం. ద్విత్వమో సంయుక్తమో ఉంటే అచ్చు హ్రస్వం. కొన్ని స్పర్శాల తరువాత ర, య, వ వంటివి వచ్చినప్పుడు మాత్రం అచ్చు దీర్ఘంగా నిలుస్తుంది. తెలుగు ఛందస్సు పరిభాషలో చెప్పాలంటే, ఈ భాషలలో ఊనిక గల అక్షరం ఎప్పుడూ గురువే. అది లఘువు కాజాలదు. అయితే తెలుగులో ‘కాష్ఠం’ వంటి మాటలో దీర్ఘమూ సంయుక్తమూ కలిసి రావచ్చు. ఈ భాషలలో సాధారణంగా గురుత్వానికి రెండింటిలో ఒకటే హేతువు.

ఈ పరివర్తన రెండు భాషలలోనూ జరిగింది. కనుక ‘ఐస్లాండిక్ మారలేదు’ అనే మాటకు మొదటి అభ్యంతరం ఇక్కడే ఎదురవుతుంది. ప్రాచీన పద్యాల ఛందస్సు లఘుగురు భేదంపై ఆధారపడిన చోట నేటి ఐస్లాండిక్ ఉచ్చారణతో చదివితే ఆ నడక చెడుతుంది. లిపిలో అచ్చుపై కనిపించే గీత ఒకప్పుడు నిడివిని సూచించేది. నేడు అది నిడివిని కాక గుణాన్ని సూచిస్తున్నది.

4. అచ్చులు

4.1 నిడివి, గుణం

ఐస్లాండిక్‌లో ఎనిమిది శుద్ధ అచ్చులు, ఐదు సంయుక్త అచ్చులు ఉన్నాయి. నిడివి మారినప్పటికీ వీటి గుణం స్థూలంగా మారదు. ఫారోయీస్ మార్గం వేరు. అక్కడ దీర్ఘ రూపం ఒక గుణంతోను, హ్రస్వ రూపం మరొక గుణంతోను పలుకుతుంది. ‘ఎఆ’కు జంట ‘అ’. ‘ఒఆ’కు జంట ‘ఒ’. ఈ మార్పు ఒకే విశేషణం లింగాన్ని బట్టి మారినప్పుడు స్పష్టంగా కనిపిస్తుంది. ‘శాంతమైన’ అనే అర్థం గల ఫారోయీస్ విశేషణం పుంలింగంలో ‘స్పెఆకుర్’, నపుంసకంలో ‘స్పక్త్’. ‘తడిసిన’ అనే విశేషణం పుంలింగంలో ‘వొఆతుర్’, నపుంసకంలో ‘వొహ్‌త్’.

‘వికారమైన’ అనే అర్థం గల విశేషణాన్ని రెండు భాషలూ ఒకే విధంగా రాస్తాయి. పుంలింగ రూపాన్ని రెండూ దాదాపు ఒకే విధంగా, ‘ల్యొవుతుర్’ అని పలుకుతాయి. నపుంసకంలో ఐస్లాండిక్ అదే ‘ఒవు’ను కుదించి ‘ల్యొవుహ్‌త్’ అంటుంది. ఫారోయీస్‌లో ఆ స్థానంలో పెదవులు గుండ్రంగా ఉంచి పలికే ‘ఎ’ వంటి అచ్చు వస్తుంది. ఐస్లాండిక్‌లో నిడివి మాత్రమే మారిన చోట ఫారోయీస్‌లో అచ్చే మారింది. వర్ణక్రమం మాత్రం రెండింటికీ ఒకటే.

4.2 అచ్చుల చలనం

సంయుక్త అచ్చుల విషయంలో రెండు భాషల సంబంధం మరింత ఆసక్తికరం. క్రింది పోలికలు గమనార్హం:

- గీత గల ‘అ’: ‘పడవ’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘బౌతుర్’, ఫారోయీస్‌లో ‘బొఆతుర్’.
- గీత గల ‘ఇ’: ‘తెల్లని’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘క్వీతుర్’, ఫారోయీస్‌లో ‘క్వుయ్‌తుర్’.
- అ, ఎ కలిసిన అక్షరం: ‘నేర్చుకొను’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘లైరా’, ఫారోయీస్‌లో ‘లెఆరా’.
- ‘చెవి’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘ఎయ్‌రా’, ఫారోయీస్‌లో ‘ఒయ్‌రా’.
- ‘కన్ను’ అనే మాటలోని తొలి అచ్చు ఐస్లాండిక్‌లో గుండ్రని పెదవుల ‘ఒయ్’ వంటిది, ఫారోయీస్‌లో ‘ఎయ్’.

చివరి రెండు జంటలను కలిపి చూడాలి. ఐస్లాండిక్‌లో ‘ఎయ్’ వినిపించే చోట ఫారోయీస్‌లో ‘ఒయ్’ ఉంది. ఐస్లాండిక్‌లో ‘ఒయ్’ని పోలిన ధ్వని ఉన్న చోట ఫారోయీస్‌లో ‘ఎయ్’ ఉంది. అలాగే ‘ఐ’ ధ్వని రెండు భాషలలోనూ ఉంది. ఐస్లాండిక్‌లో అది ‘నేర్చుకొను’ వంటి మాటలకు చెందితే, ఫారోయీస్‌లో ‘రాయి’ అనే అర్థం గల ‘స్తైనుర్’ వంటి మాటలకు చెందుతుంది. ‘రాయి’ ఐస్లాండిక్‌లో ‘స్తెయ్‌త్న్’.

దీనినుండి ఒక ముఖ్యమైన నిర్ణయానికి రావచ్చు. ఈ రెండు భాషలవారు ఒకరి మాట ఒకరికి వెంటనే అర్థంకాకపోవడానికి అపరిచిత ధ్వనులు మాత్రమే కారణం కాదు. పరిచిత ధ్వనులే అపరిచిత పదాలలో స్థానం మార్చుకొని ఉండడం అంతకంటె బలమైన కారణం. వినేవాడికి ధ్వని తెలుసు. అది తన భాషలో ఏ పదాలకు చెందుతుందో కూడా తెలుసు. ఆ తెలియడమే అతనిని తప్పుదారి పట్టిస్తుంది.

4.3 విలీనాలు

విలీనాల విషయంలో రెండూ సమానమైన బాధ్యత వహిస్తాయి. పెదవులు గుండ్రంగా చేసి పలికే ప్రాచీన ‘ఇ’ రెండు భాషలలోనూ సాధారణ ‘ఇ’లో లీనమైంది. అయినా రెండూ రచనలో దానికి వేరే అక్షరాన్ని నిలుపుకొన్నాయి. ఉచ్చారణలో సాధురేఫతో కలిసిపోయిన శకటరేఫను తెలుగు కావ్యరచన చాలాకాలం వేరుగా పాటించినట్లే ఇదీ. అదనంగా ఫారోయీస్ ‘అ’నూ, అ ఎ కలిసిన అక్షరాన్నీ ఒకే ధ్వనిగా కలిపింది. ఐస్లాండిక్ తన వంతుగా, ‘రాయి’లోని అచ్చును, ‘చెవి’లోని అచ్చును ఒకే ‘ఎయ్’గా కలిపింది. ఈ రెండవ భేదాన్ని నిలుపుకొన్నది ఫారోయీసే. అంటే ఈ ఒక్క విషయంలో ప్రాచీన భేదాన్ని కాపాడినది ‘చెడిపోయినది’ అనిపించుకొన్న భాష.

5. హల్లులు

5.1 సమాన లక్షణాలు

హల్లులలో రెండు భాషలను కలిపే ప్రధాన లక్షణం పూర్వప్రాణత. సాధారణ మహాప్రాణంలో ఊపిరి స్పర్శం తరువాత వస్తుంది. పూర్వప్రాణంలో అది స్పర్శానికి ముందు వస్తుంది. రాతలో ద్విత్వంగా కనిపించే ప, త, క లకు ముందు రెండు భాషలూ ‘హ్’ వంటి ఊపిరిని విడుస్తాయి. ‘తెల్లని’ అనే విశేషణం నపుంసక రూపం ఐస్లాండిక్‌లో ‘క్విహ్‌త్’, ఫారోయీస్‌లో ‘క్వుయ్‌హ్‌త్’. ‘నీరు’ అనే మాట రెండింటిలోనూ ‘వహ్‌త్న్’.

రెండవ సమాన లక్షణం ద్విత్వ ‘ల్ల’కు ముందు స్పర్శం చేరడం. ‘కొండ’ అనే మాట రెండు భాషలలోనూ రాతకు ‘ఫ్యల్ల్’, పలుకుకు ‘ఫ్యత్ల్’. సంయుక్త అచ్చు తరువాతి ద్విత్వ ‘న్న’ కూడా ఇలాగే మారుతుంది. ‘తరువాతి’ అనే అర్థం గల మాట ఐస్లాండిక్‌లో ‘సెయ్‌త్ని’, ఫారోయీస్‌లో ‘సైద్ని’. ‘బిడ్డ’ అనే మాటలోని ర, న ల కలయికకూ రెండు భాషలలో ఇటువంటి స్పర్శం చేరుతుంది. ఈ లక్షణాలేవీ ప్రాచీన వర్ణక్రమంలో కనిపించవు. ఐస్లాండిక్ వీటిలో ఏ ఒక్కదానికీ మినహాయింపు కాదు.

5.2 దంత్య ఊష్మాలు

భేదాలలో అతి ప్రసిద్ధమైనది దంత్య ఊష్మాలది. ‘థోర్న్’ అక్షరంతో సూచించే శ్వాస ఊష్మాన్ని, ‘ఎద్’ అక్షరంతో సూచించే నాద ఊష్మాన్ని ఐస్లాండిక్ నేటికీ పలుకుతున్నది. ఇది ఐస్లాండిక్ ప్రాచీనతకు నిజమైన సాక్ష్యం. ఫారోయీస్‌లో రెండూ పోయాయి.

పదాదిలోని శ్వాస ఊష్మం ఫారోయీస్‌లో సాధారణంగా ‘త’ అయింది. సర్వనామాలు, నిర్దేశక పదాల వంటి కొన్నింటిలో ‘హ’ అయింది. ‘నీవు’ అనే మాటలో ‘త’, ‘ఇది’ అనే మాటలో ‘హ’. ఒకే దేవుడి పేరు రెండు దారులు పట్టడం ఇందులో విశేషం. థోర్ దేవుడి పేరు రాజధాని టోర్షావ్న్ పేరులో ‘త’తో మొదలైతే, గురువారాన్ని తెలిపే ప్రామాణిక ఫారోయీస్ మాటలో ‘హ’తో మొదలవుతుంది.

నాద ఊష్మం పూర్తిగా అంతరించింది. పదమధ్యంలోని కంఠ్య ఊష్మం కూడా దానితోపాటే పోయింది. రెండు అచ్చుల నడుమ ఏర్పడిన ఖాళీని పక్క అచ్చులను బట్టి ‘య’గాని ‘వ’గాని పూరిస్తుంది, కొన్నిచోట్ల ఏదీ రాదు. తెలుగు సంధిలో యడాగమం విసంధిని నివారించినట్లే ఇక్కడా జరుగుతుంది. అయితే తెలుగులో ఆ ఆగమం రెండు పదాల సంధిలో వస్తే, ఫారోయీస్‌లో ఒకే పదం లోపల, లోపించిన హల్లు స్థానంలో వస్తుంది. ఉపోద్ఘాతంలో చూపిన ‘దెఆవుర్’, ‘మెఆవుర్’ రూపాలకు మూలం ఇదే. దీవులలో దక్షిణాన ఉన్న సూవురోయ్ పేరులో రాసే ‘ఎద్’ అక్షరం కూడా ఈ విధంగానే ‘వ’ అయింది.

5.3 విసంధి పూరణ నుండి స్పర్శం

ఫారోయీస్ ధ్వని చరిత్రలో మరింత విశిష్టమైన పరిణామం ‘షెర్పింగ్’ అని పిలువబడేది. ప్రాచీన దీర్ఘ అచ్చుల తరువాత విసంధి స్థానంలో పుట్టిన ‘వ’, ‘య’ ధ్వనులు గట్టిపడి స్పర్శాలుగా మారాయి. వాటి ముందటి అచ్చు గుణం కూడా మారింది. ‘సముద్రం’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘స్యొవుర్’, ఫారోయీస్‌లో ‘షెగ్వుర్’. ‘వంతెన’ ఐస్లాండిక్‌లో ‘బ్రూ’, ఫారోయీస్‌లో ‘బ్రిగ్వ్’. ‘కొత్త’ ఐస్లాండిక్‌లో ‘నీర్’, ఫారోయీస్‌లో ‘నుజ్జుర్’. ‘ముగ్గురు’ అనే సంఖ్యావాచకం ఐస్లాండిక్‌లో ‘థ్రీర్’, ఫారోయీస్‌లో ‘త్రుజ్జిర్’. జర్మానిక్ భాషల తొలి దశలో హోల్ట్స్‌మన్ సూత్రం వర్ణించే గట్టిపడడానికి ఇది పోలిక గలదే గాని, దానినుండి వచ్చినది కాదు. చాలా తరువాత స్వతంత్రంగా జరిగినది.

ఈ పరిణామాన్ని ‘చెడిపోవడం’గా వర్ణించడం కుదరదు. ఒకచోట హల్లులను కోల్పోయిన భాష మరొకచోట హల్లులను సృష్టించుకొంది. ఇందులో క్రమం ఉంది, హేతువు ఉంది.

5.4 తాలవ్యీకరణ

ఇ, ఎ వంటి అచ్చుల ముందు, ‘య’ ముందు క, గ లు రెండు భాషలలోనూ తాలువు వైపు జరిగాయి. ఐస్లాండిక్ ఆ దారిలో సగం నడిచి ‘క్య’ వంటి తాలవ్య స్పర్శం దగ్గర ఆగింది. ఫారోయీస్ ‘చ’ వరకు వెళ్ళింది. ఒకే విధంగా రాసే ‘దేవాలయం’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘క్యిర్క్యా’, ఫారోయీస్‌లో ‘చిర్చా’. ‘ఓడ’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘స్క్యీప్’, ఫారోయీస్‌లో ‘షీప్’. కన్నడ ‘కివి’కి తెలుగు ‘చెవి’ ఎదురైనట్లే ఈ జంటలు ఎదురవుతాయి. కన్నడను ‘కాపాడినది’ అని, తెలుగును ‘పాడుచేసినది’ అని ఈ ఒక్క ఉదాహరణతో ఏ ద్రావిడ భాషాశాస్త్రవేత్తా తీర్పు చెప్పడు. ఫారోయీస్ విషయంలోనూ అదే నియమం వర్తించాలి.

5.5 ఇతర భేదాలు

పదాదిలో ‘హ’తో కలిసిన ర, ల, న లు ఐస్లాండిక్‌లో శ్వాస ధ్వనులుగా నిలిచాయి. ఫారోయీస్‌లో ‘ఉంగరం’, ‘గుర్రం’ వంటి మాటల మొదటి ‘హ’ రాతలోనూ పలుకులోనూ లేదు. హ, వ ల కలయిక మాత్రం రెండింటిలోనూ సాధారణంగా ‘క్వ’ అయింది. ఐస్లాండ్ ఆగ్నేయ భాగంలో ఊష్మోచ్చారణ మిగిలి ఉండడం ప్రాచీన స్థితికి గుర్తు. ‘నలుపు’ విశేషణంలో ర, త ల కలయిక ఫారోయీస్‌లో ‘స్వష్టుర్’ అని తెలుగు ‘ష’ వంటి మూర్ధన్యంతో వినిపిస్తుంది. ఐస్లాండిక్‌లో శ్వాసయుక్తమైన ‘ర’తో పలుకుతుంది. ‘పేరు’ అనే మాట ఐస్లాండిక్‌లో ‘నప్న్’, ఫారోయీస్‌లో ‘నౌన్’. ఇక్కడ మూలంలోని దంత్యోష్ఠ్య ఊష్మాన్ని ఎవరూ కాపాడలేదు. ఒకరు స్పర్శం చేశారు, మరొకరు అచ్చులో కలిపారు.

6. మాండలికాలు, భాషా విధానం

ధ్వని స్థిరత్వం సహజంగానే వచ్చినదా, ప్రయత్నంతో నిలిపినదా అన్నది మరొక ప్రశ్న. ఐస్లాండ్‌లో ఇరవయ్యవ శతాబ్ది తొలి భాగంలో ‘ఇ’, ‘ఎ’ ధ్వనులను దగ్గర చేసి పలికే ధోరణి కొన్ని ప్రాంతాలలో వ్యాపించింది. గుండ్రని పెదవులతో పలికే ‘ఉ’, దాని దిగువ స్థాయి అచ్చు కూడా అలాగే కలవసాగాయి. దీనికి ‘ఫ్లౌమైలి’ అని పేరు. 1940లలో బ్యోర్న్ గుడ్‌ఫిన్‌సోన్ దేశవ్యాప్తంగా విద్యార్థుల ఉచ్చారణను సర్వే చేశాడు. పాఠశాలల ద్వారా ఆ ఉచ్చారణను సరిదిద్దే కృషి జరిగి, అది చాలావరకు తొలగిపోయింది. ఒక ధ్వని మార్పును విద్యావ్యవస్థ వెనుకకు మళ్ళించిన అరుదైన సందర్భం ఇది. ఐస్లాండిక్ ‘మారకపోవడం’లో కొంత భాగం మారనివ్వకపోవడమే.

మరొకవైపు, దీర్ఘాచ్చు తరువాతి ప, త, క లను ఉత్తర ఐస్లాండ్‌లో కొందరు మహాప్రాణాలుగా పలికితే, దేశంలో అధిక సంఖ్యాకులు అల్పప్రాణాలుగా పలుకుతారు. ఫారో దీవులలోనూ సూవురోయ్ వంటి దక్షిణ ద్వీపాలలో ఇటువంటి మెత్తని ఉచ్చారణ ఉంది. జనాభా, విస్తీర్ణం దృష్ట్యా చూస్తే ఫారోయీస్ మాండలిక భేదాలు ఐస్లాండిక్ భేదాల కంటె ఎక్కువ. గీత గల ‘ఒ’ను ఉత్తరాన నాలుక ముందు భాగపు అచ్చుతో, దక్షిణాన వెనుక భాగపు అచ్చుతో మొదలుపెట్టడం ఇందుకు ఒక ఉదాహరణ.

7. హమ్మెర్‌షైంబ్ వర్ణక్రమం: విమర్శ

పై భేదాలన్నింటినీ కన్నుకు కనిపించకుండా చేసినది హమ్మెర్‌షైంబ్ వర్ణక్రమం. ఎవరూ పలకని ‘ఎద్’ అక్షరాన్ని అతడు పదచరిత్ర దృష్ట్యా రాతలోకి తెచ్చాడు. ఒకే విధంగా పలికే అక్షరాలను వేరుగా ఉంచాడు. ఫలితంగా ఫారోయీస్ పుట ఐస్లాండిక్ పుటను పోలింది. 1889లో యాకోబ్ యాకోబ్‌సెన్ ఉచ్చారణకు దగ్గరగా ఉండే వర్ణక్రమాన్ని ప్రతిపాదించాడు. బడిపిల్లలకు, సామాన్యులకు సులభం కావాలన్నది ఆ వాదం సారం. 1895లో వచ్చిన రాజీ ప్రతిపాదన కూడా నిలదొక్కుకోలేదు. హమ్మెర్‌షైంబ్ పద్ధతే స్వల్ప మార్పులతో గెలిచింది.

ఈ విజయాన్ని రెండు వైపుల నుండి అంచనా వేయాలి. ఆ వర్ణక్రమం ఏ ఒక్క ద్వీపం ఉచ్చారణకూ పట్టం కట్టలేదు. ఉత్తరాది, దక్షిణాది వ్యవహర్తలు ఒకే అక్షరాన్ని తమ తమ పద్ధతిలో పలుకుకొనే వీలు కల్పించింది. డేనిష్ ముందు ‘పలుకుబడి’గా మాత్రమే లెక్కింపబడిన భాషకు ప్రాచీన వంశవృక్షాన్ని కంటికి కట్టినట్లు చూపింది. 1948 స్వపరిపాలన చట్టం ఫారోయీస్‌ను ప్రధాన భాషగా గుర్తించే నాటికి దాని వెనుక శతాబ్దం నాటి రచనా సంప్రదాయం నిలబడి ఉండడానికి ఈ వర్ణక్రమం తోడ్పడింది. ఇది చిన్న ఫలితం కాదు.

అయితే ఈ పద్ధతి తాను ప్రకటించుకొన్న సూత్రానికి పూర్తిగా కట్టుబడలేదు. ‘ఎద్’ను పునరుద్ధరించిన ఫారోయీస్ రచన ‘థోర్న్’ను పునరుద్ధరించలేదు, అక్కడ పలికినట్లే ‘త’, ‘హ’ లను రాస్తుంది. ‘సముద్రం’, ‘వంతెన’ వంటి మాటలలో కొత్తగా పుట్టిన స్పర్శాలనూ పలికినట్లే చూపుతుంది. కాని వాటి ముందటి అచ్చు మార్పును చూపదు. ‘వంతెన’ అనే మాటలో ‘ఉ’ అక్షరం రాసి ‘ఇ’ పలకవలసి వస్తుంది. ఒకే మాటలో హల్లు వర్తమానానికి, అచ్చు గతానికి చెందుతున్నాయి. కనుక దీనిని శుద్ధ చారిత్రక వర్ణక్రమం అనడం కంటె, చరిత్రకూ ఉచ్చారణకూ మధ్య సంధి అనడం సమంజసం. ఆ సంధి భారాన్ని మోసేది చదవడం నేర్చుకొనే పిల్లవాడు.

ఐస్లాండిక్ వర్ణక్రమమూ ఈ విమర్శకు అతీతం కాదు. 1929 నాటి అధికారిక నియమాలు, 1973లో ‘జెడ్’ అక్షరాన్ని తొలగించడం వంటి సంస్కరణల తరువాత కూడా, పూర్వప్రాణతగాని ‘త్ల్’ ఉచ్చారణగాని అందులో నేరుగా కనిపించవు. రెండు భాషలకూ రాత ఒక తెర. ఐస్లాండిక్ తెర పలుచనిది, ఫారోయీస్ తెర మందమైనది, భేదం అంతవరకే.

8. ముగింపు

పై పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి:

1. మాత్రా పరివర్తన, పూర్వప్రాణత, ‘ల్ల’, ‘న్న’ లకు ముందు స్పర్శం చేరడం, గుండ్రని ‘ఇ’ విలీనం రెండు భాషలకూ సమానం. ఇవన్నీ ప్రాచీన నోర్స్ నుండి జరిగిన మార్పులే. కనుక ధ్వని విషయంలో ఐస్లాండిక్‌ను మార్పు లేని భాష అనడం సరికాదు.

2. దంత్య ఊష్మాలు, పదాది శ్వాస ర, ల, న లు, స్థిరమైన అచ్చు గుణం అనే అంశాలలో ఐస్లాండిక్ నిజంగానే ప్రాచీనతకు దగ్గర. ‘రాయి’, ‘చెవి’ అనే మాటల అచ్చులను వేరుగా ఉంచడంలో ఫారోయీస్ దగ్గర.

3. ఫారోయీస్ మార్పులు క్రమబద్ధమైనవి. లోపించిన ఊష్మాలు, ఆగమాలు, షెర్పింగ్, తాలవ్యీకరణ అన్నీ సూత్రీకరణకు లొంగుతాయి.

4. పరస్పర అవగాహనకు అడ్డు కొత్త ధ్వనులు మాత్రమే కాదు. ఉభయులకూ ఉన్న ధ్వనులు వేర్వేరు పదాలలో చేరడం కూడా.

5. లిఖిత సామ్యం 1846 నాటి ఒక నిర్ణయం ఫలితం. అది భాషకు గౌరవాన్ని తెచ్చింది. ధ్వని స్వరూపాన్ని మరుగుపరచింది.

స్వాబో లేఖకునిగా విన్నదే రాశాడు. హమ్మెర్‌షైంబ్ వంశాన్ని గుర్తుచేసేలా రాశాడు. ఒకరి రాత లేకపోతే పద్దెనిమిదవ శతాబ్ది ఫారోయీస్ ధ్వని తెలియదు. మరొకరి రాత లేకపోతే ఆ భాష నేటి పాఠశాలకు చేరేదో లేదో చెప్పడం కష్టం. తులనాత్మక అధ్యయనం చేసేవారు ఈ రెండు ప్రయోజనాలను వేరుగా గుర్తించాలి. సోదర భాషల దూరాన్ని కొలిచేటప్పుడు ప్రమాణంగా తీసుకోవలసినది పుటపై నిలిచిన అక్షరం కాదు, వ్యవహర్త నోట పలికే ధ్వని.